ఆటల సీడీలో ఏడో ఆట

మన ఏజెంట్ బసవపున్నయ్యని పట్టుకోవడానికి వాళ్ళకి నాలుగు నిమిషాలే పట్టింది.

పరాయి దేశం. ఇరుకు సందులో ఇంటర్నెట్ సెంటర్. మూడో నంబరు కంప్యూటర్లో మన సీడీ. యూనిఫాం లేని ఇద్దరు మనుషులు లోపలికొచ్చారు. సైలెన్సర్ బిగించిన పిస్టల్, రెండు బుల్లెట్లు. పున్నయ్య కుర్చీలోనే ఒరిగిపోయాడు. స్క్రీన్ మీద ఏదో ఆట ఇంకా నడుస్తూనే ఉందట. ఏ ఆటో చూసినవాడికి గుర్తులేదు.

అది జరిగిన మూడు వారాలకి, 2004 ఏప్రిల్లో ఒక మంగళవారం ఉదయం ఎనిమిదింటికి, జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఆగిన నల్ల కారు అద్దం కిందికి దిగింది.

"సినిమాలో పాటలెన్ని?" లోపలినుంచి ప్రశ్న.

"ఆరు. ఫైట్లు లేవు."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, వేళ్ళకి నాలుగు ఉంగరాలతో అచ్చం ప్రొడ్యూసర్‌లా కూర్చున్నవాడు చీఫ్ అచ్యుతరామయ్య. ఎక్కినవాడు ఏజెంట్ రాఘవేంద్ర. వారం రోజులుగా మన సీడీలు తయారయ్యే ఫిల్మ్ నగర్ థియేటర్లో డబ్బింగ్ ఆర్టిస్టు వేషంలో ఉన్నాడు. గూఢచారి అనగానే గుండె రాయి చేసుకున్న మనిషిని ఊహించుకునేవాళ్ళు ఇతన్ని చూసి నిరాశపడతారు. రాఘవేంద్రకి భయం. లిఫ్టంటే భయం, కుక్కలంటే భయం. 

"లైవ్ సీడీ అంటే తెలుసుగా?" అన్నాడు చీఫ్.

"తెలుసు సార్. కంప్యూటర్లో పెడితే లైనక్స్ నేరుగా సీడీలోంచే నడుస్తుంది. పని చూసుకుని బయటికి తీసేస్తే హార్డ్ డిస్క్ మీద ఆనవాలు కూడా మిగలదు."

"మనవాళ్ళు పదకొండు మంది అక్కడ దాంతోనే రిపోర్టులు పంపుతారు. పైకి అది పిల్లల ఆటల సీడీ. అసలు పనికి ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు ఆట ఆడాలని రూలు. ఆ ఆటల్లో ఒకటి శత్రువులకి కబురు పంపిస్తోంది. ఏదో తెలీదు."

"ఆటలన్నీ తీసేస్తే?"

"ఆటలు లేని ఆటల సీడీని ఏ పోలీసైనా రెండోసారి చూస్తాడు. పాత సీడీలో పన్నెండుండేవి. కొత్తదానికి, మన దగ్గర ఆటలు ఎంచే మంజులత ఏడు ఏరింది. ఇవాళ పది నలభైరెండుకి కాపీలు మొదలుపెట్టే ముహూర్తం. మొదటి పదకొండు కాపీలు ఒంటిగంట ఫ్లైట్‌కి బేగంపేట వెళ్ళాలి. గురువారం రిపోర్టు రోజు. కొత్త సీడీ అందకపోతే వాళ్ళు పాతదే పెడతారు. వద్దని చెప్పడానికి మనకింకో దారి లేదు."

చీఫ్ ఒక అగ్గిపెట్టంత డబ్బా చేతిలో పెట్టాడు. దాన్ని నెట్ కేబుల్‌కి తగిలిస్తే, కంప్యూటర్ బయటికి చిన్న మాట పంపినా ఎర్రలైటు వెలుగుతుంది.

"ఆ పదకొండు మందిలో ఎవరున్నారో నీకు తెలుసు," అన్నాడు మెల్లగా.

తెలుసు. హిమజ. అక్కడ ఒక స్కూల్లో కంప్యూటర్ టీచరు. ఇక్కడ రాఘవేంద్ర భార్య. వెళ్ళి పధ్నాలుగు నెలలయింది.

*

డబ్బింగ్ థియేటర్ మేడమీది గదిలో సీడీ తయారుచేసిన వెంకటనర్సయ్య ఉన్నాడు. యూసుఫ్‌గూడ మనిషి, గడ్డం గీసి నాలుగు రోజులయింది.

"ఏడొందల ఎంబీల అన్నీ ఇరికించిన సార్. ఆటలకు పన్నెండు ఎంబీ మిగిలింది, గంతే," అంటూ మెరిసే మాస్టర్ సీడీని అంచులతో పట్టుకుని చూపించాడు. "జర పైలం. ఈ లోపలి అంచు కాడికెళ్ళే చదువుడు షురూ చేస్తది. గీడ మరక పడ్డదంటే మొత్తం ఖతం."

అతను మాస్టర్ పట్టుకుని, కాపీలు తీసే మెషిన్ చూసుకోవడానికి కిందికి వెళ్ళాడు. ఇంకో కాపీ కంప్యూటర్లో ఉంది. రాఘవేంద్ర డబ్బా తగిలించి ఆడటం మొదలుపెట్టాడు.

చదరంగం. లైటు వెలగలేదు. పాము ఆట, ఇటుకల ఆట, మందుపాతర్ల ఆట. లేదు. పులి-మేక, అష్టాచెమ్మా. లేదు. ఏడోది వైకుంఠపాళి. పాచిక పడింది, పాము కరిచింది, కిందికొచ్చాడు. లైటు లేదు. టైము పదీ పది.

ఇక్కడ ఇంకొకడయితే లేచిపోయేవాడే. రాఘవేంద్ర లేవలేదు. అది తెలివి కాదు, ఒట్టి భయం. లేవబోతే హిమజ గుర్తొచ్చింది. కూర్చుంటేనూ గుర్తొచ్చింది. ప్రతి ఆటనీ రెండోసారి, చివరిదాకా ఆడాలనుకుని, చేతిలో ఉన్న వైకుంఠపాళితోనే మొదలుపెట్టాడు. నిచ్చెన ఎక్కాడు. పెద్దపాము మింగింది. మళ్ళీ ఎక్కాడు. చెమటకి మౌస్ జారిపోతోంది. పదీ ఇరవై ఎనిమిదికి మూడు పడింది. పరమపదం.

స్క్రీన్ మీద పూలు రాలాయి. డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది.

ఈ ఆట గెలిచినవాణ్ణే పట్టిస్తుంది. పాపం పున్నయ్య, ఆరోజు గెలిచి ఉంటాడు.

"అంత ఓపిగ్గా చివరిదాకా ఎవరూ ఆడరనుకున్నానండీ," అంది వెనకనుంచి ఒక తియ్యటి గొంతు.

మంజులత. ఒకప్పుడు రెండు పాటల్లో డాన్స్ చేసింది. ఇప్పుడు ఆటల ఎంపిక చేస్తోంది, రెండు వైపులా జీతం తీసుకుంటోంది. కనకాంబరం రంగు పట్టుచీర. చేతిలో జరీ హ్యాండ్‌బ్యాగ్. లోపలున్న గట్టి వస్తువు రాఘవేంద్ర డొక్కకి తగిలింది.

"కిందికి పదండి రాఘవేంద్రగారూ. ముహూర్తానికి మీరు లేకపోతే బాగుండదు. నోరు విప్పారో, ముందు మీరు, తర్వాత మీ ఆవిడ. ఆవిడ ఏ ఊళ్ళో ఉందో నాకు తెలుసు."

రాఘవేంద్ర లేచాడు. మెట్లు దిగుతూ రెండుసార్లు రెయిలింగ్ పట్టుకున్నాడు.

*

కింద ముప్పైమంది ఉన్నారు. అగరొత్తులు, బంతిపూల దండలు. రీలు డబ్బాకయినా, కెమెరాకయినా, కొత్త ఫ్యాక్స్ మెషిన్‌కయినా పూజ చెయ్యందే ఫిల్మ్ నగర్లో స్విచ్ వెయ్యరు. పళ్ళెంలో మాస్టర్ సీడీ ఉంది. థియేటర్ ఆయా భూలక్ష్మి పసుపు తడిపి సిద్ధంగా పెట్టింది. వెంకటనర్సయ్య అటు తిరిగి మెషిన్ వైర్లు బిగిస్తున్నాడు.

"నవ్వండి, ఫోటో తీస్తున్నారు," అంది మంజులత పంటి బిగువున. బ్యాగ్ ఇంకా డొక్కలోనే ఉంది.

"తొలిబొట్టు మీరే పెట్టండి బాబూ," అంది భూలక్ష్మి. "పోయిన సినిమాకి కొత్తగా వచ్చినాయన చేత్తో పెట్టించాం. వందరోజులాడింది."

రాఘవేంద్ర సీడీ తీసుకున్నాడు. చెయ్యి ఎంత వణికిందంటే అది వేళ్ళమధ్య తిరగబడింది. తిప్పాడో, తిరిగిందో అతనికే తెలీదు. మెరిసే వైపు పైకి వచ్చింది. తడి పసుపు తీసి లోపలి అంచు చుట్టూ మందంగా రాశాడు. దానిమీద కుంకుమ అద్దాడు.

మంజులత మొహంలో నవ్వు ఆగిపోయింది. కానీ ముప్పైమంది చూస్తున్నారు. కొబ్బరికాయ పగిలింది. పది నలభైరెండు. భూలక్ష్మి సీడీని కళ్ళకద్దుకుని, మెరిసే వైపు కిందికి తిప్పి మెషిన్‌లో పెట్టింది.

మెషిన్ గరగరలాడింది. ఒకసారి, రెండోసారి. ట్రే బయటికొచ్చేసింది.

"ఏందిది, చదువుతలేదు!" అన్నాడు వెంకటనర్సయ్య.

అప్పుడు చేసింది మంజులత ఆ ఒక్క తప్పు. సీడీ అందుకుంది. ఒంటిచేత్తో సీడీని తుడవడం కుదరదు. బ్యాగ్ మోచేతికి వేలాడేసుకుని, పైట చెంగుతో బొట్టు తుడవబోయింది.

"బొట్టు తుడిచేస్తారా!" భూలక్ష్మి కేకకి హాలంతా అదిరింది. పాతికేళ్ళుగా గచ్చు తుడిచిన చెయ్యి మంజులత మణికట్టుని పట్టుకుని గుంజింది. బ్యాగ్ జారి నేలమీద పడింది. నల్ల పిస్టల్ గచ్చు మీద జర్రున జారి, కొబ్బరినీళ్ళలో ఆగింది.

అది అందుకున్నది రాఘవేంద్ర. "ఎవరూ కదలకండి!" అన్నాడు. డబ్బింగ్ ఆర్టిస్టు కదా, గొంతు మాత్రం వణకలేదు.

పది నిమిషాల్లో చీఫ్ మనుషులు వచ్చి మంజులతని తీసుకెళ్ళారు. వెంకటనర్సయ్య కీబోర్డు ముందు కూర్చున్నాడు.

"ఏది తీసెయ్యాలె సార్?"

"వైకుంఠపాళి."

"మరి ఆడ జాగా ఖాళీగుంటది. ఏం పెడదాం?"

"గెలిచినా ఓడినా ఎవరికీ చెప్పని ఆట. ఒక్కరే ఆడుకునే పేకాట పెట్టు." హిమజ అది రోజూ ఆడేది. అతని కళ్ళు మసకబారాయి, తుడుచుకోలేదు. "పెట్టాక మిగతా ఆరూ చివరిదాకా ఇద్దరం ఆడదాం."

ఆడారు. డబ్బా మీద లైటు వెలగలేదు. పన్నెండూ పదికి పదకొండు కాపీలు బేగంపేట బయల్దేరాయి.

గురువారం సాయంత్రం దాకా రాఘవేంద్ర అన్నం ముట్టలేదు. ఏడింటికి చీఫ్ ఫోన్ చేశాడు. పదకొండు రిపోర్టులూ వచ్చాయి. హిమజ రిపోర్టు చివర మాత్రం ఒక వాక్యం ఎక్కువుంది, చదవమంటావా అన్నాడు.

"చదవండి సార్."

"'సీడీ బాగా పనిచేస్తోంది. ఆటలు మాత్రం పరమ చప్పగా ఉన్నాయి. ఏరినవాళ్ళెవరోగానీ ఒట్టి పిరికివాళ్ళు, ఈసారి కాస్త ధైర్యం ఉన్న మనిషిని పెట్టండి.'"