నూకరత్నం చెయ్యి

విశాఖ నుంచి భీమిలికి సముద్రం అడుగున నడిచే సొరంగం రైల్లో ఆ రోజుల్లో కిటికీల వైపు ఎవరూ చూసేవారు కాదు. అద్దాల అవతల చేపల గుంపులు మెరుస్తూ పోతున్నా, లోపల అందరి కళ్లూ అరచేతుల్లోనే. రెండువేల ఎనభైల్లో జనాన్ని ఊపేసిన ఆట ‘పిశాచివేట’. ఒక పాడుబడిన కోట, అందులో విందు, విందు నిండా అతిథులు. వాళ్లలో నెత్తురు తాగే పిశాచి ఎవరో ముఖం చూసి చెప్పలేం. చేతిలోని అద్దం తిప్పి చూడాలి. అద్దంలో కనబడనివాడే పిశాచి. వాడు మెడ కొరికేలోగా వాడి గుండెల్లో కొయ్యమేకు దిగాలి. అరచేతిలో పట్టే పెట్టెలో జరిగే ఈ వేటకు కాలేజీ పిల్లల నుంచి తాతయ్యల దాకా అందరూ బానిసలే.

ఆ పెట్టెకు ప్రాణం దాని వీపుకు అతికించిన సన్నటి పొర. పేరు స్పర్శపటలం. మేకు దిగితే ఆ దిగడం అరచేతికి తెలిసేది. పిశాచి ఊపిరి తగిలితే చల్లగా ఒళ్లు జలదరించేది. దాన్ని కనిపెట్టింది డాక్టర్ ఇందుమతి. ఆ సంగతి రైల్లో ఒక్కరికీ తెలియదు. వాళ్లకు తెలిసిన పేరు నూకరత్నం.

ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో, పక్కపక్క గదుల్లో పనిచేసేవారు. పిశాచుల నడక, ఎగిరే తీరు, దాడి రూపొందించడం రత్నం పని. కానీ ఆమెకు పేరు తెచ్చింది ఆ పని కాదు, ఆమె ఆట. వేలమంది ముందు వేదికెక్కి, నవ్వుతూ, ఎవరితోనో మాట్లాడుతూనే కోట మొత్తం ఖాళీ చేసేది. బొటనవేళ్లు కదిలినట్టే ఉండేవి కావు. ఒకసారి అతిథులెవరో వస్తే డైరెక్టర్ సన్యాసిరావు పరిచయాలు చేశాడు.

“ఈవిడే మా నూకరత్నం! మీకు చెప్పక్కర్లేదు. ఈవిడ... ఈవిడా మా ల్యాబేనండి.”

ఇందుమతి నవ్వుతూనే నమస్కారం పెట్టింది. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, ముట్టకుండానే మూసేసింది.

తలుపు మూసుకుని తనూ ఆడి చూసేది. తను తయారుచేసిన పొర మీద తన వేళ్లే మొద్దుబారిపోయేవి. మూడో గది దాటకుండానే పిశాచి కోరలు మెడకు దిగేవి. పక్కగదిలోంచి రత్నం నవ్వు వినిపించేది. ఆ నవ్వు వింటే ఇందుమతికి అరికాలి మంట నెత్తికెక్కేది.

కొత్త ఆవిష్కరణ ఆ మంటలోంచే పుట్టింది. పేరు హస్తస్మృతి. ఆడేవాళ్ల నాడి, చెమట, కండరాల్లో కంటికి కనబడని వణుకు, అన్నిటినీ స్పర్శపటలం పట్టి దాచుకుంటుంది. తర్వాత ఇంకొకరు ఆ పెట్టె పట్టుకుంటే అదంతా వాళ్ల చేతిలోకి తిరిగి పారుతుంది. వీణైనా, శస్త్రచికిత్స అయినా గురువు చెయ్యి శిష్యుడి చేతిలోకి వచ్చేస్తుందని ఇందుమతి డైరెక్టర్‌కు రాసిచ్చింది. ఆమెకు మాత్రం కావలసింది ఒక్క చెయ్యే.

“ఏటే ఇందూ, నా చెయ్యి దొంగతనం చేసీస్తావేటి?” అంది రత్నం, పెట్టె అందుకుంటూ.

“దొంగతనం కాదే, నకలు తీసుకుంటాను. నీ చెయ్యి నీకే ఉంటుందిలే.”

రత్నం కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని ఆడసాగింది. మధ్యలో సన్యాసిరావు ఫోన్ చేశాడు. “ఆ లెక్కాండీ? పొద్దున కాఫీ తాగుతూ తేల్చేశాను,” అంది ఇందుమతి. రత్నం తలెత్తలేదు. కోట ఖాళీ చేసి, పెట్టె బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

ఇందుమతి పెట్టె చేతిలోకి తీసుకుంది. వేళ్లు తనవే, పరుగు తనది కాదు. మూడో గది దాటింది, ఐదోది దాటింది. అద్దం తిరుగుతోంది, మేకు దిగుతోంది. ఆనందంతో ఊగిపోబోతుండగా ఛాతీలో ఏదో చేదుగా, వేడిగా ఎగదన్నింది. బాగా ఎరిగున్న చేదు. పెట్టె కింద పెట్టేసింది.

“ధీరా, పెట్టె పట్టిన ఈ ముద్రలో నా అసూయ కలిసిపోయినట్టుంది. నాది విడదీసి తీసెయ్యి,” అంది ల్యాబ్ యంత్రంతో.

“మీ నాడిని ఇందులో నమోదు చెయ్యలేదండి. ఇదంతా నూకరత్నం గారిదే.”

“ఆవిడకు అసూయేమిటి? ఎవరి మీద?”

“అది చేతికి తెలుస్తుంది గానీ, పేరు నాకు తెలియదు. అది ఎగసిన క్షణంలో గదిలో వినబడిన మాట వినిపించగలను.”

మరుక్షణం ఇందుమతి గొంతే పలికింది. “ఆ లెక్కాండీ? పొద్దున కాఫీ తాగుతూ తేల్చేశాను.”

ఇందుమతికి అంతా అర్థమైంది. పాపం రత్నం అనుకోవాలి. అనుకోలేదు. ఒళ్లంతా తేనె పోసినట్టయింది. తనను చూసి రత్నం కుళ్లిపోతోంది! ఏ అవార్డూ ఇవ్వని తీపి అది. మళ్లీ పెట్టె పట్టుకుంది. ఈసారి పిశాచుల వైపు చూడనే లేదు. ఆ ఒక్క క్షణం కోసం ఎదురుచూసింది. అది రాగానే కళ్లు మూసుకుంది.

తలుపు తోసుకుని రత్నం వచ్చింది. “ఏటైనా తేలిందేటే? రేపు డైరెక్టర్ గారి ముందు నీ చేతి ముద్ర నేను పట్టి చూడాలంట. రెండో నమూనా కావాలన్నారు.”

ఇందుమతి పెట్టె దగ్గరకు లాక్కుంది. తన చెయ్యి రత్నానికి ఇస్తే, ఇన్నేళ్ల మంటా రత్నం అరచేతిలో పడుతుంది. ఈ తీపి అప్పుడు రత్నానిదవుతుంది.

“లేదే,” అంది, “పని చెయ్యలేదు. అంతా తప్పు.”

మర్నాడు సన్యాసిరావు ముందూ అదే మాట చెప్పింది. పద్ధతి మొత్తం చెరిపేసింది. రత్నం ముద్ర ఉన్న పెట్టె ఒక్కటి మాత్రం చేతిసంచిలో దాచుకుంది. వీణ నేర్పే చెయ్యి, ప్రాణం నిలిపే చెయ్యి లోకానికి రాకుండానే పోయాయి.

తర్వాత రత్నం చంద్రుడి మీది పరిశోధన కేంద్రానికి అధిపతిగా వెళ్లింది. ఇందుమతి రోజూ రైల్లో ఆ పెట్టె పట్టుకుని కూర్చునేది. చుట్టూ అందరూ వేటాడుతుంటే తను మాత్రం ఆ చేదు కోసం కాచుకుని, అది రాగానే నెమ్మదిగా నవ్వుకునేది. రత్నం ఇంకా తనను తలచుకుని మండిపోతూనే ఉందన్న ధీమాతో ఏళ్లు గడిపింది.

పదేళ్లకు రత్నం తిరిగొచ్చింది. జుట్టు నెరిసింది, ఒళ్లు చేసింది. భీమిలి స్టేషన్లో ఇందుమతిని గట్టిగా కావలించుకుని, బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

“నీకో మాట చెప్పాలే. నవ్వకు మరి. అప్పట్లో నిన్ను చూస్తే నాకు ఎంత కుళ్లో! నేను నెల్లాళ్లు కొట్టుకున్న లెక్క నువ్వు కాఫీ తాగుతూ చేసీసేదానివి. నా ఆటకి చప్పట్లు కొడతారు గానీ, బుర్రంటే ఇందుదే అనుకునీదాన్ని.”

“ఇప్పుడో?” అంది ఇందుమతి, చేతిసంచి దగ్గరకు లాక్కుంటూ.

“ఆ హస్తస్మృతి పని చెయ్యలేదన్నావు చూడు, ఆ రోజే పోయింది. ఇందు కూడా తప్పు చేస్తాదన్నమాట అనుకున్నాను. నీ మీద జాలేసింది, ప్రేమేసింది. నా మనసు తేలికైపోయిందే. అప్పట్నించీ హాయిగా ఉన్నాను.”

ఇందుమతి రత్నం ముఖంలోకి చూసింది. అందులో దాపరికం లేదు, బాధ లేదు. ఏ యంత్రమూ లేకుండా, ఇంత సులువుగా, నోటితో చెప్పేసింది. ఆ ప్రశాంతతను చూస్తుంటే ఇందుమతి కడుపులో పాత మంట మునుపెన్నడూ లేనంతగా భగ్గుమంది.

రత్నం ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని నిమిరింది.

“నీకెప్పుడైనా నామీద అలాంటిదేటైనా ఉండేదేటే?”

“ఛ, నాకెందుకుంటుంది?” అంది ఇందుమతి.

రత్నం నమ్మింది.