తవుడుకు కొన్న బిడ్డ

వేసవి సెలవులకు కోర్టు మూసిన రోజునే నేను నా ప్రాక్టీసు కూడా మూసేశాను. నరసరావుపేట బార్‌లో నాకంటూ ఒక కుర్చీ, నా పేరు చెప్పుకుని వెతుక్కుంటూ వచ్చే పార్టీలు ఏర్పడటానికి పదేళ్ళ పైనే పట్టింది. వదులుకోవడానికి ఒక కాఫీ తాగేంత సేపు పట్టింది. మా సీనియర్ ధనుంజయరావుగారు ఒక్కరే మొహం ముడుచుకున్నారు. "నీలా క్రాస్ చేసేవాళ్ళు లేరమ్మా ఈ కోర్టులో. నువ్వు లేచి నిలబడితే చాలు, దొంగ సాక్షికి నోరెండిపోయేది," అన్నారు. మిగతా అందరూ మంచి పని చేశావన్నారు. ఆడది నల్లకోటు విప్పేస్తే ఊరందరికీ ఎందుకంత సంతోషమో నాకిప్పటికీ అర్థం కాదు.

నేనేమీ త్యాగం చేయలేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు కూడా. మా ఆయన అభిరామ్ అయితే ఎవరినైనా మనిషిని పెట్టుకుందామనే అన్నాడు. నాకే కావాలనిపించింది. మా అమ్మాయి సౌందర్యకు నాలుగేళ్ళు దాటాయి. గలగలా మాట్లాడుతుంది, పాటలు పాడుతుంది. కానీ నన్ను 'మేడమ్' అంటుంది. మా గుమస్తా మోహన్, ఇంటికి వచ్చే పార్టీలు అందరూ అలాగే పిలవడం విని నేర్చుకుంది. చూసినవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వాను. అమ్మ అనే మాట దానికి తెలియక కాదు. ఆ మాట అది పిచ్చమ్మకు ఇచ్చేసింది.

పిచ్చమ్మ సంగతి చెప్పాలి. సౌందర్యకు ముందు నాకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టి పోయారు. మొదటిదాన్ని పుట్టగానే గాజుపెట్టెలో పెట్టారు, వారమైనా లేదు. రెండోది ఏడవనైనా ఏడవలేదు. మూడోసారి శావల్యాపురంలో మా అత్తగారు వీరరాఘవమ్మగారు నన్ను మాటమాత్రంగానైనా అడక్కుండా ఏర్పాట్లు చేసేశారు. బిడ్డలు దక్కని ఇళ్ళలో చేసేదే. పురిటి బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచారు. వాళ్ళ గొడ్లచావిట్లో పనిచేసే పిచ్చమ్మ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, "ఎవరి బిడ్డమ్మా ఇది? అమ్ముతారా?" అని అడిగింది. "తవుడుకిస్తాం," అన్నారు అత్తగారు. పిచ్చమ్మ దోసెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కుంది. ఆ తవుడు తీసుకెళ్ళి గేదెకు పెట్టారు. తర్వాత పిచ్చమ్మ బిడ్డను చేటతో సహా తెచ్చి నా పక్కలో పెట్టి, "ఇది నా బిడ్డమ్మా. నువ్వు పాలిచ్చి సాకు," అంది. అంటే చావు మళ్ళీ మా ఇంటికొచ్చి వెతికినా దానికి మా బిడ్డ దొరకదన్నమాట. లా చదివినదాన్ని కదా, నాకు నవ్వొచ్చింది. ప్రతిఫలం ముట్టింది, సాక్షులున్నారు, ఈ అమ్మకం ఏ కోర్టులోనైనా చెల్లుతుందన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు.

ఐదో ఏడు నిండాక పిచ్చమ్మకు చీర పెట్టి, తవుడు తిరిగిచ్చి బిడ్డను విడిపించుకోవాలి. అందాకా ఆమే మా ఇంట్లో ఉండి సౌందర్యను సాకింది. నేను కోర్టుకు పోయేదాన్ని, ఆమె దానికి పెరుగన్నం కలిపి పెట్టేది, జడలు వేసేది, వెనక గదిలో పక్కన పడుకోబెట్టుకునేది. మొన్న కోటప్పకొండ తిరునాళ్ళకు ఊళ్ళల్లో ప్రభలు కడుతున్న రోజుల్లో పిచ్చమ్మ నిద్రలోనే పోయింది. బిడ్డ అన్నం ముట్టకుండా నీరసించిపోయింది. నేను ప్రాక్టీసు మానేసింది అందుకే. ఖాళీ అయిన ఆ చోట్లో నేను కూర్చోవాలి, నా బిడ్డ నన్ను అమ్మా అని పిలవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆ చోటు ఖాళీ కాలేదని రోహిణి కార్తెలో తెలిసింది.

మాది మేడ మీద వాటా. రోహిణి ఎండలకు పొద్దెక్కకముందే కిటికీలు మూసి, వాటికి తడి దుప్పట్లు కడతాం. కరెంటుంటే ఫర్వాలేదు, పోయిందంటే పట్టపగలే ఇల్లంతా మసక, వెనక గదిలో అయితే చెయ్యి చాచితే చెయ్యి కనపడదు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. అభిరామ్ నాపరాళ్ళ వ్యాపారం మీద మాచర్ల వెళ్ళాడు. నేను పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, పళ్ళెం పట్టుకుని సౌందర్యను బతిమాలుతున్నాను.

"ఒక్క ముద్ద తినమ్మా."

"వద్దు మేడమ్. నేను లోపల తింటా."

వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ గదిలో ఇప్పుడు బియ్యం బస్తాలు తప్ప ఏమీ లేవు. ఆడుకుంటుందిలే అనుకున్నాను. కాసేపటికి చప్పుడు మొదలైంది. చేటతో చెరుగుతున్న చప్పుడు. ఎగరేయడం, పట్టడం, ఎగరేయడం, పట్టడం. తొందర లేదు. చేయి తిరిగిన మనిషి చెరుగుడు అది. దాంతోపాటు వాసన కూడా వచ్చింది. మిల్లులో అప్పుడే ఆడించిన తవుడు వాసన, వెచ్చగా, కమ్మగా. ఆ కమ్మదనం అడుగున ఎక్కడో తడిసి పులిసిన కుడితి వాసన.

మెట్ల దగ్గరకు వెళ్ళి కింది వాటా హజ్రా బీని పిలిచాను. "పిన్నీ, బియ్యం చెరుగుతున్నావా?"

"ఈ ఎండలో నేనేంది చెరిగేది సుప్రజమ్మా?" అంది ఆమె కింద నుంచి. "పొద్దున్నించీ మీ ఇంట్లోనేగా ఇనపడతాంది. కోర్టు మానేసి బియ్యం బాగుచేసుకుంటున్నావనుకున్నా."

నేను లోపలికి వచ్చేసరికి చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. సౌందర్య బయటికి వచ్చింది. మూతికి పెరుగు మెతుకులు. పొద్దున నేను దువ్వబోతే పారిపోయింది. ఇప్పుడు జుట్టుకు బిగుతుగా రెండు జడలు. నూనె ఇంకా కారుతోంది. నేను కలిపిన పప్పన్నం నా చేతిలో అలాగే ఉంది.

"ఎవరు పెట్టారు నీకు?"

"అమ్మ."

భయం తర్వాత వచ్చింది. ముందు నాకు ఒళ్ళు మండింది. చచ్చి కూడా చోటు వదలదా ఈ ముసల్ది! ఫోను టార్చి వేసుకుని గదిలోకి దూసుకెళ్ళాను. ఎవరూ లేరు. నేలంతా పల్చగా తవుడు రాలి ఉంది. అందులో చిన్న చిన్న అడుగులు. సౌందర్యవే అనుకున్నాను. కానీ కొన్ని మరీ చిన్నవి. నా బొటనవేలంత. నడక రాని పిల్లల అరికాళ్ళంత... అవి కూడా నడిచాయి. బస్తాల చుట్టూ తిరిగాయి.

మా అత్తగారికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"పిచ్చమ్మ చచ్చిపోయె. ఇంకెవరికి తిరిగిస్తావే తవుడు? తీసుకునే చెయ్యుండాలగా?" అన్నారావిడ. "వదిలెయ్ అమ్మాయ్. బిడ్డ తింటాందిగా? ఎవరు సాకితే ఏంది?"

ఆ ఆఖరి మాట విని ఫోను పెట్టేశాను. దీని కోసం నేను బార్‌లో కుర్చీ వదిలి వచ్చి, వంటింట్లో గరిటె పట్టుకుని, నా ఇంట్లో నేనే పనిమనిషిలా నిలబడ్డానా? రాత్రంతా ఆలోచించాను. మనిషి పోతే ఆ మనిషి కొన్నదంతా వారసుడికి చేరుతుంది. పిచ్చమ్మకు ఒక్కడే కొడుకు, పున్నారావు. ఆమె బదులు వాడు తీసుకుంటే చెల్లుతుంది. ఇందులో వాదించడానికి ఏమీ లేదనుకున్నాను. ఎదురుగా ఉన్నది ఎవరో మరిచిపోయి, చట్టం చూసుకున్నాను.

నేను కబురు పెడితే మర్నాడు మధ్యాహ్నం పున్నారావు వచ్చాడు. క్వారీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద కూడా రాతి దుమ్ము. గుమ్మం దాటడానికే గింజుకున్నాడు. కరెంటు అప్పటికే పోయింది. సౌందర్య వెనక గదిలో ఉంది. చేట చప్పుడు వినపడుతూనే ఉంది.

"మా యమ్మే," అన్నాడు పున్నారావు గొంతు తగ్గించి. "ఆ చెరుగుడు మా యమ్మదే మేడంగారూ. నాకు భయమేస్తాంది. ఆమె కొన్నది నేనెట్టా ఇచ్చేది? ఆమె మాట ఆమే అనాల."

"నువ్వు వారసుడివి. నువ్వంటే చాలు. నీ బిడ్డను తీసుకో అను, అంతే."

హాల్లో కూర్చోబెట్టి ఒళ్ళో కొత్త చేట పెట్టాను. కొత్త చీర పెట్టాను. దోసెడు తవుడు పోశాను. చిటికెడైనా కింద రాలలేదు. నాకది బాగా గుర్తు.

"నీ తవుడు నువ్వు తీసుకో. నా బిడ్డను నాకియ్యి," అన్నాను.

పున్నారావు నోరు తెరిచాడు. కానీ మాట వాడి నోట్లోంచి రాలేదు.

తలుపు వెనక చెరుగుడు ఆగిపోయింది.

"ఏ బిడ్డమ్మా?"

పిచ్చమ్మ గొంతే. కోపం లేదు. పొద్దున్నే పాలు కాచనా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"పలకమాకండి మేడంగారూ," అన్నాడు పున్నారావు. "దణ్ణం పెడతా... పలకమాకండి..."

"ముగ్గురున్నారు గదమ్మా నా కాడ," అంది గొంతు. "ముందు పోయినోళ్ళని ఎవరు సాకుతారు? నేనే సాకతన్నా. ముగ్గురూ చానా మంచోళ్ళు. ఏ బిడ్డ కావాల నీకు?"

సౌందర్య అని ఒక్క పేరు చెబితే సరిపోయేది. పేరు నాలుక చివరే ఉంది. కానీ ఆ ముసలి గొంతులోని నిదానం నన్ను రెచ్చగొట్టింది. బోనులో నిలబడ్డ సాక్షి నన్నే ఎదురు ప్రశ్న అడుగుతున్నట్టనిపించింది. నా బిడ్డను నేను పేరు పెట్టి అడుక్కోవాలా దీన్ని?

"నన్ను అమ్మా అని పిలిచే బిడ్డ," అన్నాను. "అది కావాలి నాకు. అది చాలు."

లోపల చిన్నగా నిట్టూర్పు.

"ఎత్తుకో అయితే."

తలుపు తెరుచుకుంది. చీకట్లోంచి పసుపు గౌను వేసుకుని వచ్చింది. అవే రెండు జడలు. అదే మొహం. గుమ్మం దగ్గర ఆగి నన్ను చూసింది. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు ఎగాదిగా చూసి, చేతులు చాచింది.

"అమ్మా."

నేను ఏడ్చేశాను. సిగ్గు లేకుండా నేల మీద కూలబడి ఏడ్చాను. అది పరుగెత్తుకొచ్చి నా మెడకు చుట్టుకుంది. అమ్మా, అమ్మా, అమ్మా... ఊపిరి తీసుకోకుండా అంటూనే ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది. ఆ ఎండలో అది కూడా హాయిగానే అనిపించింది. పున్నారావు మాత్రం దాని మొహం చూసి లేచి నిలబడ్డాడు. తవుడంతా కిందపోయింది. "మేడంగారూ... ఈ బిడ్డ..." అని ఏదో అనబోయి, అనకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తాడు.

వాడి అడుగుల చప్పుడు పోయాక వినపడింది.

వెనక గది తలుపు మళ్ళీ మూసుకుని ఉంది. లోపలి నుంచి ఎవరో కొడుతున్నారు. చిన్న చెయ్యి. తలుపుకు బాగా కింద.

"మేడమ్... తలుపు తియ్యి మేడమ్... చీకటిగా ఉంది..."

లేవబోయాను. మెడకు చుట్టుకున్న చేతులు బిగుసుకున్నాయి.

"వద్దమ్మా. తియ్యొద్దు."

"మేడమ్... అమ్మ ఎటో తీసుకుపోతాంది మేడమ్..."

దాన్ని చంకలో అలాగే మోసుకుంటూ వెళ్ళి తలుపు నెట్టాను. బస్తాలు. తవుడు. ఎవరూ లేరు. పిలుపు మాత్రం ఇంకా వస్తోంది, అటు గోడ లోపల నుంచి. మా మేడ ఆ గోడతో ఆఖరు. దాని అవతల గాలి తప్ప ఏమీ లేదు. నేను గోడకు చెవి ఆనించాను. గోళ్ళు విరిగేదాకా గీరాను. పిలుపు సన్నబడింది. సన్నబడి... ఇంకా సన్నబడి... నేను చెవి ఆనించి ఉండగానే ఆగిపోయింది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. నా చంకలో బిడ్డ నా చెంప మీద ముద్దు పెట్టింది. ఎండదెబ్బ తగిలి మతి చెదిరిందని నాకు నేను చెప్పుకున్నాను. బిడ్డ నా చేతుల్లోనే ఉంది కదా. నా సౌందర్యే కదా. కాకపోతే మరెవరు? ఒళ్ళంతా తవుడు, ముందు నీళ్ళు పోద్దాం అనుకుని స్నానాలగదిలోకి తీసుకెళ్ళాను. గౌను గుండీలు ఒక్కొక్కటే విప్పాను.

బొడ్డు దగ్గర పేగు ఉంది. పచ్చిగా, తడిగా, జానెడు పొడవున. పురుడు పోసినప్పుడు వేసే తెల్లటి ప్లాస్టిక్ క్లిప్పు ఇంకా దానికి పట్టుకునే ఉంది.

మొహం ఎత్తి దాన్ని చూశాను. పెద్దదో రెండోదో పోల్చుకోలేకపోయాను. ఇద్దరినీ నేను సరిగ్గా చూసిందే లేదు.

కింద అభిరామ్ బండి ఆగింది. మెట్ల మీద అడుగులు. పిల్ల నా చెవి దగ్గరకు వంగి, "అమ్మా," అంది, ఎంతో ముద్దుగా.

నేను గౌను గుండీలు మళ్ళీ పెట్టేశాను. గుడ్డ మీద నుంచి ఆ పేగు నా వేళ్ళకు తగిలింది. లోపల నాడి కొట్టుకుంటోంది.