మాటకు ముందు లేచే చెయ్యి

మణిదుర్గం రాజ్యంలో అబద్ధాలకోరును పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. అనుమానం వచ్చినవాడి నోట్లో గుప్పెడు పచ్చి బియ్యం పోసి నమలమనేవారు. ఊసినప్పుడు తడిగా వస్తే వాడు నిజాయితీపరుడు, పొడిగా వస్తే దోషి. చుట్టూ కత్తులు పట్టుకున్న భటులు నిలబడితే ఎవరి నోరైనా ఎండిపోతుందన్న సంగతి ఆ కొలువులో ఒక్కరికీ తోచలేదు. తోచినవాళ్ళు ఉన్నా, ఆ బియ్యం తమ నోట్లో పోస్తారని ఊరుకున్నారు.

ఒక వేసవి ఉదయం ఎనిమిదేళ్ళ యువరాజు ఉదయకేతు తోటలో ఆడుకుంటూ ఉన్నపళంగా రాయైపోయాడు. చేతిలో బంతి కూడా రాయైపోయింది. అంతకు కాసేపటి ముందే తోలుబొమ్మలాడించే భీమోజి ఆ తోటలో పిల్లవాడికి హనుమంతుడి బొమ్మ చూపించి వెళ్ళాడు. ఇంకేం కావాలి? కోటలో అందరిచేతా బియ్యం నమిలించారు. రాణిగారి తమ్ముడు శూరపాలుడు నవ్వుతూ నమిలి గంజిలా ఊశాడు. భీమోజి నోట్లోంచి మాత్రం బియ్యం పోసినవి పోసినట్టే రాలాయి.

దండనాథుడు గజసేనుడు ఆ బియ్యాన్ని పళ్ళెంలో పెట్టి రాజుగారికి చూపించాడు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం భీమోజిని ఏనుగు కాలికింద వెయ్యమని రాజు ధర్మకేతు ఆజ్ఞాపించాడు.

అప్పుడు భీమోజి కూతురు సుంకులి ముందుకు వచ్చింది. ఆ పిల్లకు పన్నెండేళ్ళు. తల్లి లేదు, తండ్రి తప్ప ఎవరూ లేరు.

"మా నాయన అబద్ధమాడలేదు ప్రభూ. తనేమీ చెయ్యలేదన్నప్పుడు ఆయన చెయ్యి ముందు లేచింది, మాట ఆ తరవాత వచ్చింది."

కొలువంతా విరగబడి నవ్వింది. కానీ ఆ పిల్ల చెప్పింది బొమ్మలాట వాళ్ళ ఇళ్ళలో అందరికీ తెలిసిన పనే. తెర వెనక కర్రలు పట్టుకుని బొమ్మను ఆడించేటప్పుడు, నిజం పలికే బొమ్మకు ముందు చెయ్యి లేపి తరువాత మాట పలుకుతారు. దొంగ బొమ్మకు మాట ముందు పలికి, అప్పుడు గుర్తొచ్చినట్టు చెయ్యి లేపుతారు. మనుషులైనా అంతేనని భీమోజి కూతురికి నేర్పాడు. మనసులో ఉన్నది ఒంట్లోకి ముందు వస్తుంది, అల్లిన మాటకు ఒళ్ళు వెనక నడుస్తుంది.

యువరాజుకు విరుగుడు తానే తెస్తానంది సుంకులి.

"పాపం, పసిపిల్ల. మేనల్లుడి కోసం నా ప్రాణమైనా ఇస్తాను, నాకే దొరకని మందు దీనికి దొరుకుతుందా?" అన్నాడు శూరపాలుడు. అని, ఒక్క క్షణం ఆగి, చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. సుంకులి అది చూసింది. చూసి నోరు మూసుకుంది, ఎందుకంటే ఒక్క చేతిని చూసి రాజబంధువును వేలెత్తి చూపితే రెండో ఏనుగును తెప్పిస్తారు.

ఎనిమిది రోజుల్లో విరుగుడు తెస్తే తండ్రిని వదులుతానని రాజు అన్నాడు. రెండు అడవుల అవతల కాకుల కొండమీద దుర్ముఖుడనే మునికి శాపాల మర్మం తెలుసట. ఆ పిల్ల కోట దాటుతుంటే ఊరివాళ్ళు మంత్రగాడి కూతురని రాళ్ళు విసిరారు. నిన్న మొన్నటిదాకా ఆమె తండ్రి ఆట చూసి చప్పట్లు కొట్టినవాళ్ళే.

మొదటి అడవిలో దారి రెండుగా చీలిన చోట ఒక రాక్షసుడు కూర్చుని ఎముకలు నములుతున్నాడు. ముని దగ్గరికి దారి ఎటని అడిగితే, వాడు కళ్ళార్పకుండా చూస్తూ "ఎడమవైపు పో" అన్నాడు. మాట పూర్తయ్యాక చెయ్యి ఎడమకు లేచింది. సుంకులి కుడిదారి పట్టింది. ఎడమదారి వాడి గుహలోకే పోతుంది మరి. ఆహారం చేజారిందని వాడు బండరాళ్ళు విసురుతూ ఆమడదూరం తరిమాడు. మోకాళ్ళు చిట్లినా ఆ పిల్ల ఆగలేదు, పైగా లోలోపల గర్వపడింది. నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదనుకుంది.

గర్వం ఎంతసేపు నిలుస్తుంది? రెండో అడవిలో ఒక పెద్ద ఏరు అడ్డం వచ్చింది. ఒడ్డున రెండు మొసళ్ళున్నాయి. మనిషిలా మాట్లాడి, ఏరు దాటిస్తామని పిలిచే జాతి అది. ఒకటి నున్నగా, నిబ్బరంగా ఉంది. "నా వీపెక్కు, చల్లగా దాటిస్తాను" అంది. రెండోది ఒళ్ళంతా గాట్లతో, గడగడ వణుకుతూ, ఆమె కళ్ళలోకి చూడకుండా, "నేను దాటిస్తాను పిల్లా, దానితో పోవద్దు" అంది. మొసలికి చెయ్యెక్కడ లేస్తుంది? ఏది చూడాలో సుంకులికి తెలియలేదు. వణికేది దొంగదే అయి ఉంటుందనుకుని నిబ్బరంగా ఉన్నదాని వీపెక్కింది.

నడి ఏట్లో అది బుడుంగున మునిగింది. పళ్ళు భుజంలో దిగబడ్డాయి. ఆమె వెంట తెచ్చుకున్న బొమ్మల సంచీ కొట్టుకుపోయింది. ప్రాణం పోతుందనుకున్నప్పుడు వణుకుతున్న మొసలే ఈదుకుంటూ వచ్చి, నున్నటిదాని తోక కొరికి, ఆమెను అవతలి గట్టున పడేసింది.

"ఎందుకు వణికావు మరి?" అని ఏడుస్తూ అడిగింది సుంకులి.

"అది నన్ను రోజూ కరుస్తుంది. నిజం చెబితే ఇంకా కరుస్తుంది. భయపడితే అబద్ధమాడినట్టేనా? నా తోక నీవైపు ముందు కదిలింది, మాట తరవాత వచ్చింది. నువ్వు వణుకునే చూశావు, తోకను చూడలేదు."

ఆ మాటకు సుంకులి సిగ్గుతో తలెత్తలేకపోయింది. నాయన నోట్లో బియ్యం పోసినవాళ్ళు చేసిందే తనూ చేసింది. ఆ గాయంతో ఒక రోజంతా గట్టునే పడి ఉంది.

కాకుల కొండమీద దుర్ముఖముని ఆమెను చూస్తూనే తిట్టడం మొదలుపెట్టాడు. ముక్కుపచ్చలారని దానివి, నీకు శాపాలతో పనేమిటన్నాడు. చివరికి విసుగెత్తి ఒక చెంబు ఆమె ముందు పెట్టి, "ఈ నీళ్ళు చల్లితే రాయైనవాడు మనిషవుతాడు" అన్నాడు. ఆ తరువాత చెయ్యి చెంబువైపు చూపించాడు.

"ఇవి ఉత్త నీళ్ళు స్వామీ" అంది సుంకులి.

ముని కళ్ళెర్రజేశాడు. కానీ ఈసారి చూపుడువేలు ముందు లేచింది. "అయితే నిజం విను. దానికి మందు లేదు. యువరాజును తాకి, శపించినవాణ్ణి వాడి ఎదుటే పేరు పెట్టి చెప్పాలి. సరైన పేరైతే శాపం పిల్లవాణ్ణి వదిలి వాడికే తగులుతుంది. తప్పైతే చెప్పినవాళ్ళే రాయవుతారు."

ఇది అబద్ధమైతే బాగుండునని సుంకులి ఎంతగానో కోరుకుంది. వేలు మాత్రం ముందే లేచింది. ఆమె ఆ చెంబునే పట్టుకుని వెనుదిరిగింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం కోట లోపలి ఆవరణలో ఏనుగు నిలబడి ఉంది. భీమోజి చేతులు కట్టేశారు. రాతి యువరాజును పల్లకీలో తెచ్చి పెట్టారు. సుంకులి వచ్చి, ముందు చెంబును పైకెత్తి, ఆ తరువాత పలికింది. "ఇవి మునిగారిచ్చిన నీళ్ళు. ఒక్క చుక్క పడితే చాలు, ఎవరు శపించారో యువరాజే చెబుతాడు."

పచ్చి అబద్ధం. కానీ అబద్ధాన్ని నిజంలా ఆడించడం బొమ్మలాట పిల్లకు ఎవరు నేర్పాలి? జనమంతా నమ్మారు. ఆమె నీళ్ళు చల్లలేదు, చూస్తూ నిలబడింది.

దండనాథుడు గజసేనుడికి చెమటలు కారుతున్నాయి, చేతిలో బియ్యపు పళ్ళెం గలగలలాడుతోంది. ఇదిగో దొంగ, ఇతనేనని జనం అరిచారు. సుంకులికి వణుకుతున్న మొసలి గుర్తొచ్చింది. తను చేయించిన బియ్యం పరీక్ష తప్పని తేలితే రాజు ఏం చేస్తాడోనని దండనాథుడికి పట్టుకున్న భయం అది, అంతే.

శూరపాలుడు మాత్రం చిరునవ్వుతో యువరాజునే చూస్తున్నాడు. ముఖంలో ఎక్కడా తొణుకు లేదు. ముఖాన్ని అందరూ చూస్తారని దొంగకు తెలుసు, అందుకే దాన్ని దిద్దుకుంటాడు, కాళ్ళను మరిచిపోతాడని నాయన చెప్పేవాడు. సుంకులి కిందికి చూసింది. శూరపాలుడి రెండు పాదాలూ కోట గుమ్మంవైపు తిరిగి ఉన్నాయి.

ఆమె రాతి చేతిని గట్టిగా పట్టుకుంది. నోరు పిడచకట్టుకుపోయింది. ఆ క్షణాన ఆమె నోట్లో బియ్యం పోసి ఉంటే ఒక్క గింజ తడిసేది కాదు.

"శపించినవాడు శూరపాలుడు" అంది.

"అబద్ధం" అన్నాడతను. అన్నాక చెయ్యి లేపబోయాడు. అది లేవలేదు. యువరాజు చేతిలోంచి బంతి జారి దొర్లుకుంటూ వెళ్ళి ఒక రాతి పాదానికి తగిలి ఆగింది. పిల్లవాడు లేకపోతే సింహాసనం తనదవుతుందని ఆశపడినవాడు ముఖం కొలువువైపు, పాదాలు గుమ్మంవైపు పెట్టుకుని అలాగే నిలిచిపోయాడు.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. బియ్యం తినడానికే వాడమని కోరింది సుంకులి. ఆనాటినుంచి మణిదుర్గం కొలువులో ఫిర్యాదులు వినేటప్పుడు ఆమెకూ ఒక ఆసనం వేశారు. యువరాజుతో పెళ్ళి చేశారా అని అడగకండి, వాడికింకా బంతే లోకం.

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్ళు ఇంటికి నడిచారు. రాళ్ళు విసిరినవాళ్ళు పూలదండలు పట్టుకొస్తే సుంకులి పట్టించుకోలేదు. భీమోజి మణికట్ల మీద తాళ్ళు ఒరుసుకున్న చారలు చూసి, భయమేసిందా నాయనా అని అడిగింది.

"నాకేం భయం తల్లీ? నువ్వు వస్తావని తెలుసు కదా" అన్నాడు భీమోజి. అన్న కాసేపటికి చెయ్యి లేచి కూతురి తలమీద వాలింది.

సుంకులి చూసింది. ఆ చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచింది.