తేలికైన అచ్చు

ఆదివారం పొద్దున హైడ్రున్ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే ఉడికిన గుడ్డు నెత్తిన చెంచాతో ఒకటి కొట్టి, ఉప్పు కోసం చెయ్యి చాచింది. గురువారం ఆమెకి ప్రాక్టికల్ పరీక్ష. రబ్బరు ఫ్యాక్టరీలో, రబ్బరుని అచ్చుల్లో ఉడికించే ప్రెస్సు ముందు ఇరవై ఏళ్ళకు పైగా నిలబడ్డ మనిషి, యాభై రెండో ఏట కుర్రకారుతో కలిసి వృత్తి పరీక్షకు కూర్చుంటోందంటే ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వారు. రాత పరీక్ష గట్టెక్కాక ఆ నవ్వులు కాస్త సన్నబడ్డాయి.

ఆ పట్టా లేనివాళ్ళకి ప్రెస్సు సెట్టింగు ముట్టుకునే హక్కు లేదు. ముక్క చెడితే ఎర్రదీపం వెలిగించి, ప్రెస్సు సరిచేసే సెట్టరు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. ఆమె హాల్లో ఆ సెట్టరు ఎవరో కాదు, సాక్షాత్తు మొగుడు ఫోల్కరే. నవ్వుతూ వచ్చేవాడు, ఏదో రెండు మీటలు తిప్పేవాడు, "అయిపోయింది, ఇక కానీ" అని వెళ్ళిపోయేవాడు. ఎందుకు తిప్పాడో మాత్రం ఏనాడూ చెప్పలేదు. మంచివాడే, కాదనలేం. ఇప్పుడు రెండో షిఫ్టులో సెట్టరు ఉద్యోగం ఖాళీ అయింది. అది హైడ్రున్‌కి కావాలి.

"అంతలా చదివి కళ్ళు పాడుచేసుకోకు," అన్నాడు ఫోల్కర్, బన్నుకి వెన్న రాస్తూ. "పాసైపోయావనే అనుకో."

"ఎలా అనుకోను?"

"బోర్డులో ఉన్న మన డెట్లెఫ్ చెవిన ఓ మాట వేశాలే. పెళ్ళాం పరీక్షకి నేను బోర్డులో కూర్చోకూడదు గానీ, వాడు కూర్చోవచ్చుగా! నీకు పాత వాషరు అచ్చు ఇస్తాడు. కళ్ళు మూసుకుని చేసేస్తావు."

"మిగతావాళ్ళకి?"

"ఇంజను మౌంటు. ఇనప ముక్క నడిమధ్య పెట్టి, చుట్టూ మందంగా రబ్బరు పట్టించాలి. కుర్రాళ్ళు కదా, కిందామీదా పడతారు."

హైడ్రున్ చెంచా కింద పెట్టేసింది. ఒళ్ళు మండిపోయింది. అయినా అరవలేదు. "మూడింటికి డెట్లెఫ్ కాఫీకి వస్తున్నాడు కదూ?" అని మాత్రం అడిగింది.

మూడు గంటలకు డెట్లెఫ్ వచ్చాడు. అత్తగారు ఎల్‌ఫ్రీడ అప్పటికే నేరేడుపళ్ళలాంటి నల్లటి ప్లమ్ పళ్ళు పరిచిన కేకులో రెండో ముక్క మీదున్నారు. హైడ్రున్ అందరికీ కాఫీ పోసి, కెటిల్ కింద పెట్టింది.

"డెట్లెఫ్, నాకా పాత అచ్చు వద్దు. అందరికీ ఇచ్చేదే నాకూ ఇవ్వు."

డెట్లెఫ్‌కి అబద్ధం ఆడటం రాదు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"కేకు తినేటప్పుడా ఈ గొడవ?" అన్నాడు ఫోల్కర్.

"కేకు చేసింది నేను. ఎప్పుడు మాట్లాడాలో కూడా నేనే చూసుకుంటా."

"ఈ వయసులో పంతాలేమిటే తల్లీ!" అన్నారు ఎల్‌ఫ్రీడ. "ఇచ్చింది పుచ్చుకుని ఊరుకోక! ఒకసారి ఉడికిన రబ్బరు మళ్ళీ కరుగుతుందా?"

"కరగదు అత్తయ్యా. ఉడికింది కాబట్టే బరువు మోస్తుంది."

ఫోల్కర్ కుర్చీ వెనక్కి నెట్టాడు. "నేనేం పాపం చేశానని? నువ్వు బోర్లాపడితే రేపు హాలంతా నవ్వుతుందని కదా!"

"నా మీదా, నీ మీదా?"

"ఇద్దరి మీదా!"

"నవ్వనీ! నా పాట్లేవో నేను పడతా. దానంగా తెచ్చుకున్న పట్టాతో ఇంకొకళ్ళ ప్రెస్సు దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసుగా!"

డెట్లెఫ్ మెల్లిగా లేచాడు. "హైడ్రున్ అన్నదే న్యాయం. బుద్ధితక్కువ నాది. గురువారం నేను కూర్చోను, బోర్డులో ఇంకో సభ్యురాలు ఉంది కదా, ఉల్‌రికెని కూర్చోమంటాను."

"ఉల్‌రికెనా! కన్నతల్లిని కూడా ఫెయిల్ చేసే రకంరా అది!" ఫోల్కర్ నెత్తి కొట్టుకున్నాడు.

"అయితే ఆవిడే రావాలి," అంది హైడ్రున్.

డెట్లెఫ్ వెళ్ళిపోయాడు. ఫోల్కర్ బల్ల మీది కేకు పొడిని వేలితో కుప్ప చేస్తూ కూర్చున్నాడు.

"పాసవుతావు నువ్వు," అన్నాడు చివరికి. "నాకు తెలుసు. ఆ తర్వాత నీ ప్రెస్సు మీది ఎర్రదీపం నువ్వే ఆర్పుకుంటావు. ఇక నన్ను పిలిచేదెవరు? కనీసం నా వల్ల పాసయ్యావని అయినా ఉంటుందనుకున్నా."

హైడ్రున్ కోపం సగం దిగిపోయింది. మిగతా సగం దిగలేదు, దిగనివ్వలేదు కూడా.

"దీపం వెలిగిస్తేనే పెళ్ళాన్నా? ఎందుకు తిప్పావు అని అడగాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! హాల్లో అందరి ముందూ సిగ్గేసి మింగేశా. ఒక్కసారి నువ్వే చెప్పి ఉండొచ్చుగా?"

"చెప్తే నేర్చేసుకుంటావని..." ఆ మాట తన నోటనే విన్నాక ఫోల్కర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎల్‌ఫ్రీడ కొడుకు వైపు చూసి, తన కప్పు పక్కకి జరుపుకున్నారు.

హైడ్రున్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "సరే, ఇప్పుడు అడుగు. ఆ కుర్రాళ్ళని ఎలా అడుగుతావో అలాగే."

ఫోల్కర్ ముక్కు చీది, గొంతు సవరించుకున్నాడు. "మౌంటు పైన నున్నగా ఉంది. కోసి చూస్తే లోపల బుడగలు. ఏం చేస్తావు?"

"వేడి పెంచుతా."

పర్వాలేదులే అనడానికి అలవాటుగా నోరు తెరిచి, ఫోల్కర్ ఆగిపోయాడు.

"తప్పు," అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ముఖం మీద ఆ మాట అనడం అదే మొదటిసారి. "వేడి పెంచితే పైన మాడిపోతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. అలాంటప్పుడు చెయ్యాల్సింది..."

"ఆగు!" అంది హైడ్రున్, చెంపల మీద కారుతున్న నీళ్ళు తుడుచుకోకుండానే. "నువ్వు చెప్పకు. నేనే చెప్తా."