నెత్తురు మరచిపోనివాళ్లు

స్క్రీన్ మీద మొదటి చుక్క వెలగగానే డాక్టర్ ఇందుశేఖర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. రెండోది వెలిగేసరికి మిషన్ పాడైందనుకున్నాడు. మూడోది వెలిగాక కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఆ మిషన్ సంగతి నాకు అర్థమైనంత చెబుతాను. ఇంటర్లో జువాలజీ రెండుసార్లు తప్పినవాణ్ణి, అంతకన్నా ఆశించకండి. రక్తంలోని యాంటీబాడీలు కాపలా కుక్కల్లాంటివి. ఒక్కోసారి దొంగకీ చుట్టానికీ తేడా తెలీక, కడుపులో పడ్డ నలుసునే తరిమేస్తాయి. పాత రక్తపరీక్షలు కుక్కలున్నాయో లేదో చెప్పేవి. కాకినాడ సంతాన కేంద్రంలోని ఈ కొత్త మిషన్, అవి ఎవర్ని తరిమాయో కూడా, ఒక్కొక్కరికీ ఒక్కో చుక్కగా, చెబుతుంది.

"మీకు కడుపు పండకపోవడం కాదమ్మా," అన్నాడు డాక్టర్. "ముగ్గురొచ్చారు. మీకు తెలిసేలోపే వెళ్లిపోయారు."

పరీక్షకి రక్తమిచ్చిన నూకరత్నం చుక్కలు మళ్లీ లెక్కపెట్టుకుంది. అత్తగారు సత్యవతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇన్నేళ్లూ గొడ్రాలని తిట్టానండీ దీన్ని. ఒక్క సీమంతంలోనూ గాజులు తొడగనివ్వలేదు. నా నోరు పడిపోను!"

"ఇక బెంగ లేదు. ఒక్క సెలైన్ ఎక్కిస్తే ఆ యాంటీబాడీల జ్ఞాపకమంతా కడిగేస్తుంది. తర్వాత వచ్చిన బిడ్డని తరమవు."

నూకరత్నం స్క్రీన్ వైపు చూపించింది. "మరి ఈళ్లో?"

"ఎవరు?"

"ఈ ముగ్గురూనండీ."

"వాళ్లు లేరమ్మా. అవి గుర్తులంతే."

"ఆ గుర్తులు ఇంకెక్కడైనా ఉన్నాయాండీ?"

డాక్టర్ లండన్‌లో కూడా చదివాడు. అయినా మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఫొటోల్లేవు, పేర్లు లేవు. వచ్చారని నా నెత్తురొక్కదానికే తెలుసు. దాన్నీ మర్చిపోమంటారా?"

"పిచ్చిదానా, పుట్టబోయేవాణ్ణి చూసుకోవే!" అని అత్తగారు కసిరింది. అంతలోనే గొంతు తగ్గించి, "డాక్టరుగారూ, ఈళ్లలో పెద్దోడెవరండీ?" అంది.

సెలైన్ వద్దంది నూకరత్నం. ఆమె లేచిన కుర్చీలో సత్యవతమ్మ కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది.

"నాకెందుకమ్మా పరీక్ష? మీకు కొడుకున్నాడుగా!"

"ఆడు లేటుగా పుట్టాడండీ. అందాకా నన్నూ గొడ్రాలనే అన్నారు. చూడండి, ఓపాలి."

చూశాడు. ఒక చుక్క వెలిగింది.

"వచ్చావా నాన్నా," అంది ముసలావిడ, స్క్రీన్‌కి దగ్గరగా వంగి. కోడలు ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

ఆ సెలైన్‌ని ఈ రోజుకీ ఎవరూ ఎక్కించుకోలేదు. సంతాన కేంద్రం ముందు క్యూ మాత్రం గేటు దాటి రోడ్డెక్కింది. అందులో సగం నెరిసిన తలలే.