కడలి అడుగున రెండు తలుపులు

విశాఖ తీరానికి దూరంగా, సముద్రం మీద తేలే వేదికపై డాక్టర్ బెహరా సుభాషిణి మీట నొక్కింది. నీలికాంతి కిరణం నీళ్ళను చీల్చుకుంటూ నిట్టనిలువుగా అడుగుకు దిగింది. తెరమీద పచ్చదీపం వెలిగింది. వేదిక మీదివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కాంతితో సముద్రగర్భానికి నెట్‌వర్క్ వేయడం అదే మొదటిసారి!

కింద, ఒక ఖనిజ కంపెనీ కట్టిన ఉక్కు గోళంలో ఎనిమిదిమంది ఉన్నారు. వాళ్ళ గాలిని శుభ్రం చేసే యంత్రం ప్రోగ్రాం ఆ ఉదయమే చెడింది. సరిచేసిన ప్రోగ్రాం కంపెనీ మెయిల్ ద్వారా వస్తే తప్ప ఆ యంత్రం తీసుకోదు. అంత లోతునుంచి మనుషుల్ని గబుక్కున పైకి లాగితే ప్రాణాలు దక్కవు.

సుభాషిణి మెయిల్ పంపింది. పోలేదు. మళ్ళీ పంపింది. ఎర్రదీపం.

"కిరణం బాగానే ఉంది కదా?" అన్నాడు వేదిక మేనేజరు ఫిరోజ్.

"దారి బాగానే ఉంది. చిక్కంతా తలుపుల దగ్గర. సర్వర్ అంటే అరవై అయిదు వేల తలుపులున్న భవనం అనుకోండి. ఆ తలుపులే పోర్టులు. మనం వెళ్ళి తట్టిన ప్రతిసారీ కిందనున్న మెయిల్ సర్వర్ తోచిన నెంబరు చెప్పి, ఆ తలుపులోంచి రమ్మంటోంది. మన ఫైర్‌వాల్ కాపలావాడు. ఆ నెంబరు అతనికి తెలీదు, అందుకే ఆపేస్తున్నాడు."

"అయితే అన్నీ తెరిచేయండి!"

"తెరిస్తే గాలి యంత్రం దాకా ఎవడైనా చొరబడతాడు. నెంబర్లు మారకుండా కట్టేయాలి. ఆ పని కింద, సర్వర్ దగ్గరే జరగాలి."

గోళంతో మాట్లాడే పాత ఫోను అందుకుంది. అవతల గాలి యంత్రం చూసుకునే మైలపల్లి పోలయ్య.

"మేడమ్, తలలు పగిలిపోతున్నాయండీ. ఇద్దరు పడుకుండిపోయారు."

"పోలయ్యగారూ, సర్వర్ ముందు కూర్చోండి. మెయిల్‌కి అరవై వేల నూట ఒకటి. అది చిరునామాలు వెతుక్కునే అడ్రస్ బుక్‌కి అరవై వేల నూట రెండు. కొట్టండి."

"కొట్టానండి."

ఆ రెండు నెంబర్లే ఫైర్‌వాల్‌లో తెరిచింది సుభాషిణి. అయినా ఎర్రదీపమే.

"మెయిల్ సర్వీసు ఆపి మళ్ళీ మొదలుపెట్టారా? అప్పుడే కొత్త నెంబర్లు పడతాయి."

"ఆపితే మళ్ళీ లేస్తుందాండీ?"

"లేవాలి. ఆపండి."

ఫోనులో ఆయాసం తప్ప ఏమీ వినబడలేదు. ఫిరోజ్ బల్లను గట్టిగా పట్టుకున్నాడు. ఉన్నట్టుండి పచ్చదీపం! సుభాషిణి ప్రోగ్రాం పంపింది. అది రెప్పపాటులో దిగిపోయింది.

"ఫేన్లు తిరుగుతున్నాయండీ!" పోలయ్య కేక వేదికంతా వినిపించింది. "గాలండీ, గాలి!"

ఫిరోజ్ ఎగిరి గంతేశాడు. సుభాషిణి ఏడుస్తూ నవ్వింది.

ఆ సంగతి విని కంపెనీ పెద్దలు పొంగిపోయారు. అడుగున ఖనిజం తవ్వే పొక్లెయినర్లు, కెమెరాలు, గాలి యంత్రం, అన్నింటికీ ఒడ్డునుంచే ఆజ్ఞలు పంపడం మొదలుపెట్టారు. ఒక్కటీ తప్పిపోలేదు. వారం తిరక్కుండానే ఆ రెండు తలుపుల్లోంచే ఇంకో మెయిల్ వెళ్ళింది: గోళంలో ఇక మనుషుల అవసరం లేదు, అందరూ పైకి రండి.

నీటి ఒత్తిడినుంచి ఒంటిని మెల్లగా తేర్చే గదిలో రోజుల తరబడి కూర్చుని, పోలయ్య చివరగా వేదికమీదికొచ్చాడు. కళ్ళు చికిలించి ఎండను చూశాడు.

"ఉద్యోగం పోయిందండీ," అన్నాడు సుభాషిణితో. ఆమె తలవంచుకుంది. "అయ్యో, మీరేం బాధపడకండి మేడమ్. ఊపిరుంది కదా. మరి మేము రాగానే గాలి యంత్రం ఆపేశారా?"

సుభాషిణి తెరవైపు చూసింది. దాన్ని ఆపమని మెయిల్ రాయాలని ఎవరికీ తోచలేదు. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. ఎవరూ లేని గోళంలో యంత్రం ఎవరూ పీల్చని గాలిని శ్రద్ధగా శుభ్రం చేస్తోంది.