ఖలాస్ అన్న మాట

ఒక్క మాట అడుగుతాను, జవాబు చెప్పండి. పని అయిపోయిందని అరిచే ముందు, లోపల ఎవరైనా మిగిలారేమోనని మీరెన్నిసార్లు వెనక్కి తిరిగి చూశారు?

పరశురాం చూడలేదు.

తొంభై నాలుగు జనవరి. బహ్రెయిన్‌లో, అస్కర్ అనే ఊరు దాటాక సముద్రం ఒడ్డున ఓ కరెంటు స్టేషన్. దానికి నీళ్లు సముద్రంలోంచి సొరంగం గుండా వస్తాయి. ఏడాదికోసారి గేటు దించి, నీళ్లు తోడేసి, గోడలకు అంటుకున్న ఆల్చిప్పలు గీకాలి. ఆ పని పరశురాంది, అతని చెల్లెలు భూలక్ష్మి మొగుడు ముత్తన్నది.

"పోచంపాడుల నీళ్లతోని కరెంటు తీస్తరు. ఈడ కరెంటు పెట్టి ఉప్పునీళ్లు తీపి చేస్తరు. ఉల్టా దేశం బావా!" అని ముత్తన్న నవ్వేవాడు.

ఆ రోజు పని ముగించి ఇద్దరూ బయటికొచ్చారు. "బావా, నీ టార్చి మర్చినవ్. నువ్వు చాయ్ తాగు, నేన్ తెస్త" అంటూ ముత్తన్న మళ్లీ దిగాడు. అప్పుడే పైనుంచి ఫోర్‌మన్ కేకేశాడు.

"ఖలాస్?"

పరశురాం నోట్లో చాయ్ ఉంది. పని అయిపోయిందని రోజూ అనే మాటే. గుటక వేసి, "ఖలాస్!" అన్నాడు.

గేటు లేచింది.

లోపల ముత్తన్న ఉన్నాడని గుర్తొచ్చేసరికి సొరంగం నిండిపోయింది. మర్నాడు ముత్తన్న డ్యూటీలో కనపడకపోతే, వీసా ఇచ్చిన యజమానిని, కఫీల్‌ను, వదిలి పారిపోయాడని రాసుకున్నారు. పరశురాం కాదనలేదు. భయం. నెల తిరిగేసరికి చెల్లెలి ఉత్తరమొచ్చింది. "అన్నా, ఆయన ఇంకో ఆడదానితోని పోయిండంటున్నరు. నువ్వు కాదను చాలు, నమ్ముత."

జవాబు రాయలేదు.

మరుసటి జనవరిలో, కొత్తది తవ్వేశారు కాబట్టి ఆ సొరంగాన్ని కాంక్రీటుతో మూసేస్తామన్నారు. చివరిసారి చూసి రమ్మని పరశురాంనే దింపారు.

బయట మిట్టమధ్యాహ్నం. లోపల పదడుగులకే చీకటి. కుళ్లిన నాచు వాసన ముక్కులు బద్దలు కొడుతోంది. ఎక్కడో చుక్క... చుక్క... నీటి చప్పుడు. మెడ మీద చల్లగా ఏదో పడితే ఉలిక్కిపడ్డాడు. ఉప్పునీళ్లే.

మలుపు దగ్గర ఆగిపోయాడు.

దూరంగా వెలుతురు. పచ్చగా. మనిషి చేతి ఎత్తులో... ఊగుతూ... దగ్గరికొస్తోంది.

"బావా..." గుసగుస. "దొరికింది..."

పరశురాం ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఖలాస్ అన్నవా, బావా?"

పరశురాం పరుగెత్తాడు. వెనక తడికాళ్ల చప్పుడు. నిచ్చెనెక్కి బయటపడ్డాడు.

"క్యా భాయ్, ఖలాస్?" అన్నాడు ఫోర్‌మన్.

ఆ ఒక్క మాటంటే చాలు. అంతా మూసుకుపోతుంది, నిజంతో సహా. పరశురాం మోకాళ్ల మీద కూలబడి గుండెలు బాదుకున్నాడు. "నై సాబ్! లోపల ఒకడున్నడు... మా చెల్లె మొగుడు... నేనే సంపిన!"

ఆరుగురు దిగి వెతికారు. ఎముక ముక్కైనా దొరకలేదు. మలుపు దగ్గర టార్చి మాత్రం దొరికింది, వెలుగుతూ. ఫోర్‌మన్ దాని మూత విప్పాడు. లోపల బ్యాటరీల్లేవు.

అయినా సాయంత్రానికి కాంక్రీటు పోసేశారు!

ఆ రాత్రే పరశురాం చెల్లెలికి నిజమంతా రాసి పంపాడు. ఉత్తరం చేరింది. కానీ దాని అడుగున, అతను రాయని ఒక వరుస ఉంది. ఉప్పు పేరిన అక్షరాలు. భూలక్ష్మి చూడగానే గుర్తుపట్టింది, తన మొగుడి రాత.

'ఇంకా లోపలే ఉన్న.'

వింటున్నారుగా? లోపలికి దిగినవాళ్లను పేరు పెట్టి పిలవండి. ఒక్కొక్కరినీ పిలవండి. పలికేదాకా ఖలాస్ అనకండి, ఎవణ్నీ అననివ్వకండి.